బీబీఎస్‌లో స్క్రిప్ట్ డోర్లు పెట్టడం: డ్రాప్ ఫైల్ నుంచి లాక్ దాకా

బీబీఎస్ అంటే జనం బయటి నుంచి కాల్ చేసి లోపలికి వచ్చే బులెటిన్ బోర్డు. అలా వచ్చినవాడు కాలర్, అక్కడి నుంచి అతను తెరిచే ఆటలాంటి ప్రోగ్రామ్ డోర్. డోర్ పెట్టేటప్పుడు ఆట రాయడం తేలిక. కాలర్‌ని బీబీఎస్ దగ్గర్నుంచి తీసుకుని, ఆడించి, మళ్లీ క్షేమంగా బీబీఎస్‌కే అప్పగించడంలోనే చిక్కంతా ఉంది. స్క్రిప్ట్‌కి మూడు సంగతులు తెలిసి తీరాలి. వచ్చింది ఎవరు? అక్షరాలు ఏ దారిన వచ్చి ఏ దారిన పోతున్నాయి? ఎప్పుడు లేచి వెళ్లిపోవాలి? డోర్ మొరాయించినప్పుడు ఆట లాజిక్ తిరగేసే ముందు ఈ మూడూ చూసుకుంటే సగం తలనొప్పి అక్కడే తీరిపోతుంది.

1978 ఫిబ్రవరిలో షికాగోలో మొదలైన సీబీబీఎస్‌కి డోర్లు లేవు. అది సందేశాల బోర్డు మాత్రమే. తర్వాత పీసీల మీద బీబీఎస్ సాఫ్ట్‌వేర్లు పెరిగాక, బయటి ప్రోగ్రామ్‌కి కాలర్ వివరాలు అందించడానికి ఎవరి పద్ధతి వాళ్లు పెట్టుకున్నారు. గ్యాప్ వాళ్ల డోర్.సిస్ 52 వరుసల ఫైల్. ఆర్‌బీబీఎస్‌ది డోరిన్ఫో1.డెఫ్, డబ్ల్యూడబ్ల్యూఐవీది చెయిన్.టీఎక్స్‌టీ. వీటన్నిటినీ కలిపి డ్రాప్ ఫైళ్లు అంటారు. మోడెమ్‌లు పోయి టెల్నెట్ వచ్చాక డోర్32.సిస్ వచ్చింది. ఇది 11 వరుసలే. కొత్తగా రాసే స్క్రిప్ట్‌కి ఇదొక్కటి చాలు, మిగతావి పాత డాస్ ఆటల కోసం.

ఇక్కడ చెప్పేదంతా డెబియన్ లినక్స్ మీద నడిచే సింక్రోనెట్ అనే బీబీఎస్ సాఫ్ట్‌వేర్ గురించి. మిస్టిక్‌లోనూ ఎనిగ్మాలోనూ మెనూల పేర్లు వేరు, సూత్రం మాత్రం ఇదే. ఉదాహరణకి అష్టా చెమ్మా తీసుకుందాం. నాలుగు గవ్వలు, అడ్డం అయిదు నిలువు అయిదు గడులు, 80 నిలువు వరుసల తెరలో హాయిగా ఇమిడిపోతుంది. పైగా ఇవాళ ఒకరు గవ్వలు వేసి వెళ్తే రేపు ఇంకొకరు వచ్చి ఆడాలి కాబట్టి డోర్లలో వచ్చే సమస్యలన్నీ ఇందులోనూ వస్తాయి.

లోపలా, బయటా

సింక్రోనెట్‌లో స్క్రిప్ట్ డోర్‌కి రెండు దారులున్నాయి. మొదటిది బీబీఎస్ లోపలే నడిచే జావాస్క్రిప్ట్. కమాండ్ లైన్‌లో ఫైల్ పేరుకి ముందు ప్రశ్నార్థకం గుర్తు పెడితే సింక్రోనెట్ దాన్ని తన ఇంజిన్‌లోనే నడుపుతుంది. డ్రాప్ ఫైల్ అక్కర్లేదు, సాకెట్ (కాలర్ నెట్ కనెక్షన్ కొస) గొడవ లేదు. యూజర్ పేరు యూజర్ ఆబ్జెక్ట్‌లో, తెర కన్సోల్ ఆబ్జెక్ట్‌లో, మిగిలిన సమయం బీబీఎస్ ఆబ్జెక్ట్‌లో సిద్ధంగా ఉంటాయి. ముఖ్యమైన లూప్ నడవడానికి రెండు షరతులు పెట్టాలి: కాలర్ ఇంకా లైన్‌లో ఉండాలి, స్క్రిప్ట్‌ని ఆపేయమని సర్వర్ చెప్పి ఉండకూడదు. ఈ రెండూ లేకుండా ఊరికే ‘ఎప్పటికీ నిజం’ అని లూప్ రాస్తే కాలర్ వెళ్లిపోయాక కూడా ఆ నోడ్, అంటే అతను వచ్చిన లైన్, ఖాళీ కాదు.

దీని ఇబ్బందల్లా ఇంజిన్ వయసు. అది స్పైడర్‌మంకీ 1.8.5, అంటే 2011లో ఫైర్‌ఫాక్స్ 4తో వచ్చిన తరం. యారో ఫంక్షన్లు, టెంప్లేట్ స్ట్రింగులు, ప్రామిస్‌లు రాస్తే సింటాక్స్ ఎర్రర్ దగ్గరో, పేరే తెలియదన్న ఎర్రర్ దగ్గరో ఆగిపోతుంది. కొత్త జావాస్క్రిప్ట్ అలవాటైనవాళ్లు, ఏఐ దగ్గర కోడ్ రాయించుకునేవాళ్లు మొదట పడేది ఈ గోతిలోనే. పాత పద్ధతిలో వార్ పెట్టి, ఫంక్షన్లు పూర్తిగా రాసుకోవాలి. అది కష్టం కాదనుకుంటే చిన్న ఆటలకి ఇదే మంచి దారి.

రెండోది బయటి ప్రోగ్రామ్‌గా పైథాన్. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ లాంటివి వాడుకోవాలన్నా, అదే ఆటని రేపు ఇంకో బీబీఎస్ సాఫ్ట్‌వేర్ మీదకి తీసుకెళ్లాలన్నా ఇది నయం. చెప్పుకోవాల్సిన జాగ్రత్తలు ఎక్కువగా ఉన్నదీ దీనికే.

కాన్ఫిగరేషన్

బీబీఎస్ డైరెక్టరీలో డోర్లుండే ఎక్స్‌టీఆర్‌ఎన్ ఫోల్డర్ కింద ఆటకి సొంత ఫోల్డర్ చేయండి. సింక్రోనెట్ సెట్టింగుల ప్రోగ్రామ్ ఎస్‌సీఎఫ్‌జీ తెరిచి ఎక్స్‌టర్నల్ ప్రోగ్రామ్స్‌లో ఆన్‌లైన్ ప్రోగ్రామ్స్‌కి వెళ్లి, ఒక సెక్షన్ ఎంచుకుని కొత్త ఎంట్రీ పెట్టండి. ఇంటర్నల్ కోడ్ 8 అక్షరాలకి మించకూడదు. స్టార్టప్ డైరెక్టరీలో ఆ ఫోల్డర్ దారి పూర్తిగా ఇవ్వండి. ఇది ఖాళీగా వదిలితే స్క్రిప్ట్ తన డేటాబేస్‌ని ఎక్కడో వెతుకుతుంది, దొరక్క కొత్తది సృష్టించుకుంటుంది. ‘నిన్నటి స్కోర్లన్నీ పోయాయి’ అని కాలర్లు అన్నారంటే ముందు చూడాల్సింది ఇదే. స్క్రిప్ట్ లోపల కూడా తన ఫైల్ ఉన్న చోటు నుంచే దారి కట్టుకునేలా రాస్తే బెంగ ఉండదు.

కమాండ్ లైన్‌లో పైథాన్3, దాని పక్కన బఫరింగ్ ఆపే చిన్న యూ ఆప్షన్, స్క్రిప్ట్ పేరు, చివర శాతం గుర్తు పక్కన చిన్న ఎఫ్. ఆ చివరిదాని చోట సింక్రోనెట్ డ్రాప్ ఫైల్ పూర్తి దారి పెడుతుంది. అదే పద్ధతిలో యూజర్ పేరుని నేరుగా కమాండ్ లైన్‌లో ఇచ్చే గుర్తు కూడా ఉంది. దాని జోలికి పోకండి. ఆ పేరు కాలర్ తనకు తాను పెట్టుకున్నది. అందులో కొటేషన్ గుర్తో సెమికోలనో ఉండి ఆ కమాండ్ షెల్ గుండా వెళ్లిందంటే మీ మెషీన్ మీద ఏం నడవాలో అతనే నిర్ణయిస్తాడు. పేరు డ్రాప్ ఫైల్లోంచే చదువుకోవాలి.

నేటివ్ ఎగ్జిక్యూటబుల్ అన్న చోట ‘యెస్’ పెట్టాలి. ‘నో’గా వదిలేస్తే లినక్స్ మీద సింక్రోనెట్ మీ పైథాన్‌ని డాస్ ప్రోగ్రామ్ అనుకుని డాస్ ఎమ్యులేటర్‌తో నడపబోతుంది. డ్రాప్ ఫైల్ రకం డోర్32.సిస్. దాన్ని పెట్టే చోటు మాత్రం నోడ్ డైరెక్టరీయే కావాలి. స్టార్టప్ డైరెక్టరీలో పెడితే రెండో నోడ్ మీద వచ్చిన కాలర్ ఫైల్ మొదటివాడి ఫైల్‌ని తుడిచేస్తుంది, సరిగ్గా ఆ క్షణంలో స్క్రిప్ట్ చదివితే ఒకరి ఆటలోకి ఇంకొకరు వెళ్లిపోతారు. ఒక్కరే కాల్ చేసి పరీక్షించుకున్నంత కాలం ఈ తప్పు బయటపడదు. మల్టిపుల్ యూజర్స్ ‘యెస్’ చేసే ముందు లాకింగ్ సంగతి, కింద చెబుతాను, పూర్తిచేసి ఉండాలి.

అప్పటికే లాగిన్ అయి ఉన్న కాల్‌లో కొత్త డోర్ కోసం వెతక్కండి. బయటికొచ్చి మళ్లీ లాగిన్ అవ్వండి.

డ్రాప్ ఫైల్ చదవడం

11 వరుసల్లో మీకు అవసరమయ్యేవి కొన్నే. మొదటి వరుస కనెక్షన్ రకం: 0 అంటే లోకల్, 1 సీరియల్, 2 టెల్నెట్. రెండోది సాకెట్ హ్యాండిల్. అయిదోది యూజర్ రికార్డ్ నంబరు. ఆరులో అసలు పేరు, ఏడులో మారుపేరు, ఎనిమిదిలో సెక్యూరిటీ లెవెల్, తొమ్మిదిలో మిగిలిన నిమిషాలు, పదిలో టెర్మినల్ రకం (1 అంటే ఆన్సీ), చివర నోడ్ నంబరు.

ఆటగాడిని గుర్తుపట్టడానికి అయిదో వరుసలోని నంబరు వాడండి, ఏడో వరుసలోని పేరు కాదు. పేరు మార్చుకోవచ్చు, నంబరు మారదు. అసలు పేరు తెర మీద చూపించొద్దు. కాలర్ మారుపేరు పెట్టుకున్నదే అందుకు.

చదివేటప్పుడు మూడు చిన్న విషయాలు. వరుసల చివర డాస్ పద్ధతిలో క్యారేజ్ రిటర్న్ ఉండొచ్చు, కాబట్టి రెండు వైపులా కత్తిరించుకోండి. ఫైల్‌ని యూటీఎఫ్-8గా తెరిస్తే పేరులో ఒక పాత డాస్ అక్షరం ఉన్నా పైథాన్ డీకోడ్ ఎర్రర్ ఇచ్చి చస్తుంది. డాస్ కాలపు అక్షర పట్టిక సీపీ437గా తెరవండి, అందులో 256 బైట్లకీ అక్షరాలున్నాయి కాబట్టి ఎర్రర్ రాదు. లినక్స్‌లో ఫైల్ పేరులో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ వేరు. కమాండ్ లైన్లో వచ్చిన దారినే వాడితే ఈ బాధ లేదు, స్క్రిప్ట్‌లో పేరు చేత్తో రాసుకున్నవాళ్లకే ఉంటుంది.

అక్షరాల దారి

పైథాన్ డోర్‌కి రెండు పద్ధతులు: సాకెట్‌ని నేరుగా వాడటం, లేదా స్టాండర్డ్ ఇన్‌పుట్ అవుట్‌పుట్. ఎస్‌సీఎఫ్‌జీలో దీనికొక సెట్టింగ్ ఉంటుంది, వెర్షన్‌ని బట్టి పేరు కొంచెం మారుతుంది. స్టాండర్డ్‌నే ఎంచుకోండి.

సాకెట్ ఎందుకు వద్దంటే, టెల్నెట్ ప్రోటోకాల్ భారమంతా మీ నెత్తిన పడుతుంది. 255 అనే బైట్ టెల్నెట్‌లో కమాండ్ మొదలు. బొమ్మలో ఆ బైట్ ఉంటే రెండుసార్లు పంపాలి, లేకపోతే దాని పక్క బైట్‌ని కూడా క్లయింట్, అంటే కాలర్ వైపున్న ప్రోగ్రామ్, మింగేస్తుంది. ఎంటర్ నొక్కితే క్యారేజ్ రిటర్న్‌తో పాటు లైన్ ఫీడో నల్ బైటో కూడా వస్తుంది. ఆ రెండోదాన్ని పారేయకపోతే తర్వాతి ప్రశ్న కాలర్ ఏమీ నొక్కకుండానే దాటిపోతుంది. ఇక ఎస్‌ఎస్‌హెచ్‌తో వచ్చిన కాలర్ ముడి సాకెట్ మీద ప్రవహించేది ఎన్‌క్రిప్ట్ అయిన డేటా, అందులోకి మీరు మామూలు అక్షరాలు రాస్తే కనెక్షన్ తెగిపోతుంది. స్టాండర్డ్ పద్ధతిలో ఇవన్నీ బీబీఎస్ చూసుకుంటుంది. స్క్రిప్ట్‌కి ఒక సూడో టెర్మినల్, అంటే నిజం టెర్మినల్‌లా నటించేది, కనిపిస్తుంది, అంతే.

అయితే ఆ సూడో టెర్మినల్‌కీ పట్టింపులున్నాయి. నొక్కిన అక్షరం రెండుసార్లు కనిపిస్తే టెర్మినలూ, స్క్రిప్టూ రెండూ ఎకో చేస్తున్నాయని అర్థం, ఒకదాన్ని ఆపండి. ఎంటర్ కొట్టేదాకా ఏమీ జరగకపోతే టెర్మినల్ ఇంకా లైన్ మోడ్‌లో ఉంది. పైథాన్ టీటీవై మాడ్యూల్లో దీనికి రెండు మోడ్‌లున్నాయి. సీబ్రేక్ మోడ్‌లో ఎకో, లైన్ మోడ్ పోతాయి కానీ కంట్రోల్-సీ పనిచేస్తూనే ఉంటుంది. అంటే కాలర్ అది నొక్కగానే మీ స్క్రిప్ట్ లోపలి ఎర్రర్ సందేశమంతా ఫైళ్ల దారులతో సహా అతని తెర మీద పరుచుకుంటుంది. రా మోడ్‌లో అది కూడా మామూలు అక్షరమైపోతుంది. కాకపోతే లైన్ ఫీడ్‌కి క్యారేజ్ రిటర్న్ తోడవ్వడం ఆగిపోయి, ప్రతి వరుసా ముందు వరుస ముగిసిన చోట మొదలై మెట్లలా దిగుతుంది. రా మోడ్ పెట్టి, ప్రతి వరుస చివరా రెండు బైట్లూ మీరే పంపడం మేలు.

కీలు చదవడానికి పైథాన్ మామూలు ఇన్‌పుట్ ఆబ్జెక్ట్ వాడకండి. బాణం కీ నొక్కితే మూడు బైట్లొస్తాయి. ఆ ఆబ్జెక్ట్ మూడూ లోపలికి లాక్కుని మీకు ఒకటిస్తుంది. తర్వాత మీరు సెలెక్ట్ ఫంక్షన్‌తో ‘ఇంకేమైనా ఉందా’ అని అడిగితే లేదంటుంది, ఎందుకంటే మిగతా రెండూ బఫర్‌లో దాక్కున్నాయి. ఓఎస్ మాడ్యూల్లోని రీడ్‌తో డిస్క్రిప్టర్ సున్నా నుంచి నేరుగా చదివితే ఈ మాయ ఉండదు.

పంపేటప్పుడు ఎన్‌కోడింగ్. పైథాన్ 3 సాధారణంగా యూటీఎఫ్-8లో రాస్తుంది, సింక్‌టర్మ్ లాంటి క్లయింట్ మామూలుగా సీపీ437 అనుకుంటుంది. నిండు చదరం ఒక్కటి పంపితే తెర మీద గ్రీకు గామా, పక్కన టోపీ పెట్టుకున్న రెండు లాటిన్ అక్షరాలు కనిపిస్తాయి. ఈ త్రయం కనిపించిందంటే జబ్బు ఇదే. వాక్యాన్ని సీపీ437లోకి మార్చి, లేని అక్షరాలకి ప్రశ్నార్థకం పడేలా చెప్పి, బైట్లుగా రాయండి. తెర గీసేటప్పుడు గడిగడికీ రాయకుండా మొత్తం కట్టి ఒకేసారి పంపండి. 25 వరుసలున్నాయనుకోవద్దు. సింక్‌టర్మ్ స్టేటస్ లైన్‌కి ఒకటి పోతే మిగిలేవి 24. ఆ చివరి వరుస 80వ గడిలో అక్షరం పెడితే చాలా బీబీఎస్ టెర్మినళ్లలో తెరంతా ఒక వరుస పైకి జరిగి మీ అష్టా చెమ్మా పటం నెత్తి తెగిపోతుంది.

మరి తెలుగు? సీపీ437లో తెలుగు లేదు. యూటీఎఫ్-8 టెర్మినల్‌తో వచ్చేవాళ్లకి పంపొచ్చు కానీ ‘క్షే’ లాంటిది ఎన్ని గడులు ఆక్రమిస్తుందన్నది ఒక్కో టెర్మినల్ ఒక్కోలా లెక్కేస్తుంది. అందువల్ల పటం లోపల, గీతల మధ్య, కర్సర్‌ని ఫలానా గడికి పంపే చోట తెలుగు పెడితే గీతలు వంకర్లు పోతాయి. తెలుగు సందేశాలు వరుసలో ఆఖరున, వాటి కుడివైపు ఇంకేమీ లేకుండా పెట్టడమొక్కటే పనిచేసే పద్ధతి.

లేచి వెళ్లడం

తొమ్మిదో వరుసలోని నిమిషాలని మీరే లెక్కపెట్టాలి. కంట్రోల్ మీ స్క్రిప్ట్ చేతిలో ఉన్నంతసేపు బీబీఎస్ కాలర్‌తో మాట్లాడలేదు. మోనోటానిక్ గడియారం వాడండి, సర్వర్ టైమ్ సరిదిద్దుకున్నా అది వెనక్కి పోదు. సెలెక్ట్‌కి ఒక సెకను గడువిచ్చి, ప్రతి సెకనూ సమయం అయిపోయిందా, మూడు నిమిషాలుగా ఏ కీ నొక్కలేదా అని చూసుకుంటే చాలు.

లైన్ తెగినప్పుడు రెండిట్లో ఒకటి జరుగుతుంది. హ్యాంగప్ సిగ్నల్ వచ్చి పైథాన్ అక్కడికక్కడే ఆగిపోవచ్చు. అప్పుడు మీ ఫైనల్లీ బ్లాకులు నడవవు. ఆ సిగ్నల్‌ని మీరు పట్టుకునో, పట్టించుకోకుండానో రాసుంటే రీడ్‌కి ఖాళీ బైట్లు గానీ ఓఎస్ ఎర్రర్ గానీ వస్తుంది. ఖాళీ వచ్చినప్పుడు ‘ఏ కీ నొక్కలేదు’ అనుకుని మళ్లీ చదివే స్క్రిప్టులే సీపీయూని నూటికి నూరు శాతం తినేస్తూ దెయ్యాల్లా మిగిలిపోతాయి. ఖాళీ అంటే కాలర్ లేడు. వెంటనే బయటికి రావాలి.

దీనికి ముడిపడి ఒక పాత మోసముంది. డయలప్ రోజుల నుంచీ ఉన్నదే. గవ్వలు వేస్తాడు, ఒకటే పడుతుంది, నచ్చదు, లైన్ కట్ చేస్తాడు, మళ్లీ వచ్చి వేస్తాడు. దీన్ని ఆపడానికి ఒకే మార్గం: ఫలితాన్ని డేటాబేస్‌లో రాసి కమిట్ చేశాకే తెర మీద చూపించాలి. ‘ఆట నుంచి బయటికెళ్లేటప్పుడు సేవ్ చేద్దాం’ అనే డోర్‌లో రెండో వారానికి అందరికీ అష్టాలూ చెమ్మాలే పడుతుంటాయి.

ఇద్దరు ఒకేసారి

స్కోర్లని టెక్స్ట్ ఫైల్లో పెట్టి, చదివి, మార్చి, తిరిగి రాస్తే రెండో కాలర్ మార్పు మొదటివాడి మార్పుని మింగేస్తుంది. ఎస్‌క్యూలైట్ వాడండి. ఆట స్థితిని మార్చే ప్రతి పనినీ ‘బిగిన్ ఇమీడియట్’తో మొదలుపెట్టండి. మామూలు బిగిన్‌తో ఇద్దరూ పాత స్థితిని చదివేస్తారు, రాసే వేళకి ఒకరికి ఎర్రర్ వస్తుంది. పైథాన్‌లో లాక్ కోసం ఆగే గడువు మామూలుగా 5 సెకన్లు. చిన్న ఆటకి అది ఎక్కువే. అయినా ‘డేటాబేస్ లాక్ అయింది’ అని వస్తోందంటే, ట్రాన్సాక్షన్ తెరిచిపెట్టి కాలర్ కీ నొక్కడం కోసం ఎదురుచూస్తున్నారన్నమాట. కీ ముందు, ట్రాన్సాక్షన్ తర్వాత. గడువు పెంచడం దీనికి మందు కాదు.

రోజువారీ పనులు, అంటే ఎత్తులు కొత్తగా ఇవ్వడం, వారాల తరబడి రానివాళ్లని తీసేయడం వంటివి, టైమ్డ్ ఈవెంట్‌గా పెట్టొచ్చు. ఆ రోజు మొదటగా వచ్చిన కాలర్‌తోనే చేయించడం ఇంకా సులువు: డేటాబేస్‌లో చివరి తేదీ ఉంచి, మారిందా అని ట్రాన్సాక్షన్ లోపల చూసుకోవాలి. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే మనవాళ్లకి కొత్త రోజు తెల్లవారుజామున 5:30కి మొదలవుతుంది. అర్ధరాత్రి పన్నెండు దాటాక ఎత్తుల కోసం వచ్చినవాళ్లు విసుక్కుంటారు, కాబట్టి టైమ్ జోన్ స్క్రిప్ట్‌లోనే స్పష్టంగా రాయండి.

కాలర్లు టైప్ చేసిన మాటలు, విజేత సందేశం లాంటివి, దాచే ముందు 32 కంటే చిన్న బైట్లన్నీ తీసేయండి. ఎస్కేప్ బైట్ ఒకటి లోపలికి పోతే ఆ సందేశం చూసిన ప్రతివాళ్ల తెరా చెడుతుంది.

మెనూలోకి వదిలే ముందు

బీబీఎస్ జోలికి పోకుండానే చాలా పరీక్షించొచ్చు. 11 వరుసల డ్రాప్ ఫైల్ చేత్తో రాసుకోండి, మొదటి వరుస 0, సమయం 2 నిమిషాలు. 80 బై 24 టెర్మినల్లో స్క్రిప్ట్‌ని నేరుగా నడపండి. రెండు నిమిషాల తర్వాత తనంతట తాను బయటికొచ్చిందా, టెర్మినల్‌ని మామూలు స్థితికి తెచ్చిందా చూడండి. విండోస్‌లో ఎడిట్ చేసి తెచ్చిన స్క్రిప్ట్‌ని దాని పేరుతోనే నడిపితే మొదటి వరుస చివర క్యారేజ్ రిటర్న్ వల్ల ‘ఇంటర్‌ప్రెటర్ లేదు’ అంటుంది. బీబీఎస్ వెనుక ఇదే జరిగితే కాలర్‌కి తెర ఒక్కసారి మెరిసి మెనూ తిరిగొస్తుంది, కారణం కనపడదు. అందుకని స్క్రిప్ట్ ఎర్రర్లన్నీ నోడ్ నంబరుతో సహా ఒక లాగ్ ఫైల్లోకి పోయేలా మొదటి రోజే పెట్టుకోవాలి. ఆ ఫైల్ మీదా, డేటాబేస్ మీదా, డేటాబేస్ ఉన్న ఫోల్డర్ మీదా బీబీఎస్ నడిచే యూజర్‌కి రాసే హక్కుండాలి. ఫోల్డర్ సంగతి చాలామంది మరిచిపోతారు, కానీ ఎస్‌క్యూలైట్ తన జర్నల్ ఫైల్‌ని అక్కడే సృష్టించుకుంటుంది. హక్కుల గొడవ ఎందుకని బీబీఎస్‌ని రూట్‌గా నడపడం మాత్రం వద్దు.

తర్వాత ఎస్‌సీఎఫ్‌జీలో ఆ డోర్ యాక్సెస్ రిక్వైర్‌మెంట్స్‌లో లెవెల్ 90 పెట్టి సిసాప్‌కే (బీబీఎస్ నడిపేవాడికే) కనపడేలా ఉంచి, రెండు సింక్‌టర్మ్ విండోలతో ఒకేసారి లోపలికి వెళ్లండి. ఒక దాంట్లో గవ్వలు వేసి, ఫలితం రాగానే విండో మూసేయండి. రెండో దాంట్లో ఆ ఎత్తు నమోదైందో లేదో చూడండి. సర్వర్‌లో ప్రాసెస్‌ల జాబితా తీసి, మూసిన కాల్ తాలూకు పైథాన్ ఇంకా ఉందేమో వెతకండి. ఒకసారి టెల్నెట్‌తో, ఒకసారి ఎస్‌ఎస్‌హెచ్‌తో చేయండి. రెండుసార్లూ శుభ్రంగా వస్తే ఆ లెవెల్ 90 తీసేసి అందరికీ వదలొచ్చు.